మెట్ట నేలకి రెండు వానాకాలాలు

నేను మా తమ్ముడి చెయ్యి విరగ్గొట్టాను. కుడి చెయ్యి, మోచేతికీ మణికట్టుకీ మధ్య. పార కామతో రెండు దెబ్బలు వేశాను. మొదటి దెబ్బకి వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బకి ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు, వాడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఆ వయసులో అక్కాతమ్ముళ్ళు కొట్టుకోవడం ఏమిటని మీరనుకోవచ్చు. మా ఇంట్లో కొట్టుకోవడానికి వయసు అడ్డమని ఎవరూ చెప్పలేదు.

చోడవరంలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను. వరండాలో నేను కనపడకముందే నా కేక వినపడుతుంది. మా ఆయన అనకాపల్లిలో ఉద్యోగం చూసుకుని, అక్కడే గది అద్దెకి తీసుకుని, ఆదివారాలు వచ్చి పోతుంటాడు. రోజూ బస్సులో తిరగలేనంటాడు. ఆ దూరం మా స్కూలు పిల్లలు కాలేజీలకి రోజూ తిరిగే దూరమే. ఆయన మంచివాడు కాబట్టి అసలు కారణం పైకి చెప్పడు.

నా కోపం మా నాన్నది. ఎడ్లని కొట్టే చెర్నాకోలతోనే ఆయన మమ్మల్నీ కొట్టేవాడు. అమ్మని మరీను. పులుసులో ఉప్పు తక్కువైతే గిన్నె ఎగిరేది, ఉప్పు ఎక్కువైతే చెయ్యి ఎగిరేది. "ఈడికి ఆయన పొలమొచ్చింది, దీనికి ఆయన సెయ్యొచ్చింది" అని అమ్మ ఒకసారి చుట్టాల ముందు అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా.

బుచ్చయ్యపేట నుంచి వడ్డాది వెళ్ళే రోడ్డు దిగి, కొండ వైపు మట్టిదారిలో పోతే మా పొలం వస్తుంది. కింద పల్లంలో తమ్ముడి చెరకు. దాని పైన, కొండని ఆనుకుని, మా ఇద్దరి పేరునా ఉమ్మడిగా ఉన్న రెండున్నర ఎకరాల మెట్ట. దేవరాపల్లి అవతల రైవాడ రిజర్వాయరులో ఎన్ని నీళ్ళున్నా మా మెట్టకి ఎక్కవు. అయినా మా చిన్నప్పుడు అక్కడ చోళ్ళు, అదే రాగులు, పండేవి, ఉలవలు పండేవి. నువ్వుల పూత మీద తేనెటీగలు ముసిరేవి.

నాన్న ఉండగానే దాన్ని గ్రావెల్‌కి ఇచ్చేశాడు. రోడ్లకి ఎర్రమట్టి కావాలని ఎవరో వచ్చి అడిగితే ఊ అన్నాడు. పొక్లెయిన్ వచ్చిన రోజు నేను స్కూలు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. అది పళ్ళు దించి నేలని చీరేస్తోంది. వేర్లు తెగుతుంటే ఆ చప్పుడు ఇంజను మోతలో కూడా తెలిసింది. ఒక రాయి తీసి విసిరాను. డ్రైవరు ముందున్న అద్దం భళ్ళుమంది. నాన్న వచ్చి ఆ డ్రైవర్ల ముందు, టిప్పర్ల వాళ్ళ ముందు నా చెంప పగలగొట్టాడు. అప్పటికి నేను పెళ్ళయిన దాన్ని, పదో తరగతికి పాఠాలు చెప్పే టీచర్ని. మర్నాడు వాచిన బుగ్గతోనే క్లాసుకి వెళ్ళి, నేల పొరల గురించి పాఠం చెప్పాను. పై పొర పోతే మళ్ళీ రావడానికి మనిషి జీవితం చాలదని చెప్పి, బోర్డు మీద సుద్ద విరిగేలా గీత గీశాను.

మనిషి లోతు తీసుకుపోయారు. మిగిలింది గట్టి గరప. గునపం వేస్తే ఖంగుమని వెనక్కి ఎగిరేది. దాని మీద తుమ్మ కూడా మొలవలేదు. వానొస్తే ఒక్క చుక్క లోపలికి దిగదు. కొండ మీంచి వచ్చిన నీరంతా ఆ ఎర్ర పళ్ళెం మీద జారి, కంకరతో సహా తమ్ముడి చేలోకి దూకేది. చెరకు నరికాక మోళ్ళ నుంచి మళ్ళీ లేచే తోటని మావైపు కార్సి అంటారు. ఆ కార్సి పిలకలన్నీ ఏటా ఎర్రబురద కింద పూడిపోయేవి. వాడు రెండు చేతులతో తవ్వి తీసుకునేవాడు. తవ్వుతూ నాన్నని తిట్టేవాడు. నాన్న అప్పటికి పోయాడు కాబట్టి ధైర్యంగా తిట్టేవాడు.

మూడేళ్ళ కింద ఒకరోజు వాడు మా ఇంటికి వచ్చి అసలు మాట చెప్పాడు. మావైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, ఆ బండ మీద ఏటి మొలుత్తాది? మిగిలింది కూడా గ్రావెల్ వోళ్ళకే ఇచ్చేద్దుము. ఒక సంతకం ఎట్టు. ఆళ్ళు కిందికంటా తవ్వీసి గొయ్యి సేసెత్తే నీరందులో నిలబడతాది, నా సెరుకు బతుకుతాది."

"నీ సెరుకు బతకాలంటే ఆ మెట్ట బతకాలిరా ఎదవా" అన్నాను. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాను. వాడు దాన్ని ఏరి బల్ల మీద పెట్టి, సొట్ట చూసి, "ఎన్నోదిది?" అని అడిగాడు. అమ్మ వంటింట్లోంచి రాలేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది.

చివరికి ఒప్పందం కుదిరింది. రెండు వానాకాలాలు మెట్ట నాది. నా ఇష్టం వచ్చినట్టు చేసుకుంటాను. రెండో ఏడు మొదటి పెద్ద వానకి ఎర్రనీళ్ళు వాడి చేలోకి దిగితే, నేను నోరెత్తకుండా సంతకం పెట్టాలి. దిగకపోతే వాడు మళ్ళీ గ్రావెల్ మాట ఎత్తకూడదు. మాటంటే మాటే అనుకున్నాం.

అప్పటి నుంచీ నా ఆదివారాలూ సెలవులూ సాయంత్రాలూ ఆ గరప మీదే పోయాయి. దాన్ని నేల అనడానికి నాకు మనసొప్పేది కాదు. పుండు అనేదాన్ని. మూడు కర్రలతో ఇంగ్లీషు ఏ అక్షరంలా చట్రం కట్టి, మధ్యలో తాడుకి రాయి వేలాడదీసి, దాన్ని అడుగడుగునా తిప్పుతూ ఒకే మట్టం ఉన్న గీతలు గుర్తుపెట్టాను. ఆ గీతల వెంబడి అడ్డంగా కందకాలు, వాటి పొంగు దిగడానికి రాతి అలుగులు. కందకాల మధ్య నెలవంక ఆకారంలో గోతులు, వంపు కిందికి, నోరు కొండవైపు. పైనుంచి జారే నీరు ఆ నోట్లో పడాలి, అక్కడే ఆగాలి, అక్కడే ఇంకాలి. చెప్పడానికి ఇంతే. తవ్వడం మనిషిని చంపేసింది. గునపం దెబ్బకి నిప్పురవ్వలు లేచేవి. అరచేతుల్లో బొబ్బలు పగిలి, వాటి కింద మళ్ళీ బొబ్బలు లేచేవి. ఒకరోజు గునపం జారి నా కాలి బొటనవేలి గోరు ఊడింది. ఆ కోపంలో ఆ ఒక్క గొయ్యిని నడుం లోతు తవ్వాను, అవసరం లేకపోయినా.

గోతుల్లో చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసం వడగట్టగా మిగిలే ఫిల్టర్ మడ్డి తెచ్చి వేశాను. పేడ వేశాను. కొండ మీద తుప్పల కింద ఎవరూ ముట్టని నల్లమట్టిని గుప్పెడు గుప్పెడు తెచ్చి తోడు పెట్టినట్టు కలిపాను. చచ్చిన నేలకి బతికున్న నేల తోడు కావాలి. పాలు తోడుకోవడం ఎరిగిన ఆడదానికి ఈ మాట వేరే నేర్పక్కర్లేదు.

మొదటి వానాకాలం సగం గెలిచాను, సగం ఓడాను. రెండు కందకాలు నిలబడ్డాయి, మూడోది తెగింది. ఎర్రనీళ్ళు వాడి చేలోకి దిగాయి, కానీ మునుపటంత కాదు. వాన వెలిశాక గోతుల్లో పచ్చిరొట్టకని చల్లిన జీలుగ మొలిచింది, పిల్లిపెసర పాకింది. ఆ లేత పచ్చదనం మీదికి మేకలు దిగాయి. నేను రాయి విసిరితే ఒక మేక ముందుకాలు విరిగింది. దాన్ని మేపే ముసలామె కొడవలి పట్టుకుని వచ్చింది. జుట్టు పట్టుకున్నాం. ఆమె నా రవిక చింపింది, నేను ఆమె చెవిపోగు లాగాను, రక్తం వచ్చింది. మధ్యలో దూరి విడదీసింది తమ్ముడే. "ఇక్కడ మొలిసేది మొక్కలు కావే, కేసులు" అన్నాడు. ఆ మేకకి వెదురు బద్దలు కట్టి, నెలరోజులు తన పాకలో మేపి, మళ్ళీ ఆమెకి అప్పగించిందీ వాడే. నేను క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలని ఉంది, ఆమె కనపడితే తల తిప్పుకుంటుంది.

రెండో వేసవికి నాకు నేలని ఎండ నుంచి కప్పడానికి కప్పు కావాల్సి వచ్చింది. మావైపు చెరకు నరికాక చేలో మిగిలిన ఆకుని తగలబెడతారు. తాతల నాటి నుంచీ అంతే. గడ నరికి బండెక్కించిన వారంలోపు చేను నల్లబడాలి. నల్లబడితే శుభ్రం. ఆకు అలాగే పడి ఉంటే ఆ ఇంట్లో పనిచేసే మనిషి లేడని, మగదిక్కు లేదని ఊరు చెప్పుకుంటుంది. అలా ఏటా ఊళ్ళకి ఊళ్ళ ఆకు పొగై పోతుంది. తమ్ముణ్ణి ఆ ఆకు నాకిమ్మన్నాను. వాడు నవ్వాడు. "తగలెట్టే పని తప్పింది, అట్టుకుపో" అని వాడే బళ్ళకెత్తించి, మెట్ట మీదికి తోలించాడు. నలభై బళ్ళయింది.

విత్తనాలకి మట్టి, పేడ, బూడిద పట్టించి గుండ్రంగా ఉండలు చేసి, పొడినేలలోనే చల్లాను. కంది, ఉలవ, జనుము, సజ్జ, చోడి, నువ్వు, అన్నీ కలిపి. వాటి మీద జానెడు మందాన చెరకాకు పరిచాను. వాన రాకముందే మొలిపించాలని. తెల్లవారే మంచు, కింద మిగిలిన కాస్త తడి, ఆకు నీడ, ఇవి చాలు. పదిహేను రోజులకి ఆకు పైకెత్తి చూస్తే కింద తెల్లగా మొలకలు! అంత ఎండలో, ఆ గరప మీద! నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ కూడా ఎవర్నో తిడుతూనే ఉన్నాను, నాన్ననే అనుకుంటాను.

ఆకు కిందికి చెదలు వచ్చాయి. అమ్మ రోజూ నాతో పొలానికి వచ్చి, మెట్ట అంచున వేసుకున్న రేకుల పాకలో కూర్చునేది. చెదల్ని చూసి ఒళ్ళు జలదరించిపోయేది.

"ఒసే, సెదలు పట్టీసినాయే. రేపు పాములు దూరతాయి. అంత ఆకు అలాగుంచీడం ఏటే?"

"సెదలే కావాలమ్మా. అవి బొరియలు తవ్వితే నీరు లోపలికి దిగుతాది. నాను గునపంతో సెయ్యలేంది అవి సేస్తన్నాయి."

"సెదలు కావాలనేదాన్ని నిన్నే సూసేను" అని నోరు నొక్కుకుంది. దారిన పోయే వాళ్ళు ఏదో ఒకటి అనేవారు. ఎప్పుడు కాలుస్తారమ్మా అని ఒకరు, ఇంట్లో అగ్గిపెట్టె లేదా అని ఒకరు. నేను ఎదురు తిరిగి అరిచేదాన్ని. అమ్మ మాత్రం కొంగు నెత్తి మీదికి లాక్కుని నేల చూసేది. ఊళ్ళో ఆవిడ తలెత్తుకుని తిరిగిన కాలమంటూ ఏమైనా ఉంటే అది నాన్న పోయాక ఈ కొన్నేళ్ళే. అది నాకప్పుడు తట్టలేదు.

వేసవి సెలవులకి ముందు చివరి రోజు, ఒంటిపూట బడి. పొద్దున్నే నేను స్కూలుకి వెళ్ళాను, అమ్మ ఆ రోజు నాకోసం ఆగకుండా ఆటోలో పొలానికి వెళ్ళింది. పదకొండుకి పక్క చేని రైతు ఫోన్ చేశాడు. "టీచరమ్మా, మీ మెట్ట కాలిపోతంది." హాజరు పుస్తకం ఎక్కడ పడేశానో తెలీదు. స్కూటీ మీద వడగాలిలో వెళ్ళాను. దారిలోనే పొగ కనపడింది.

నేను వెళ్ళేసరికి పై వరస గోతులన్నీ అయిపోయాయి. మంట గాలికి పరిగెడుతోంది. చెరకాకు పటపటా పేలుతూ కాలుతుంది, ఒక చోట అంటుకుంటే ఎగిరి పదడుగుల అవతల పడుతుంది. ఆ మంటల మధ్య తమ్ముడున్నాడు. చేతిలో వేపకొమ్మ ఉంది. చొక్కా జేబులో అగ్గిపెట్టె ఉంది. చుట్ట తాగే వాడి జేబులో అగ్గిపెట్టె ఎప్పుడూ ఉంటుంది. నాకు వేపకొమ్మ కనపడలేదు, అగ్గిపెట్టే కనపడింది. పాక ముందు అమ్మ నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఎందుకు తగలెట్టేవురా?"

వాడు నా వంక చూశాడు. నా భుజం మీదుగా అమ్మ వంక చూశాడు.

"వానొచ్చేలోపు నా పని అయిపోవాలనేనా? సంతకం కావాలనేనా? సెప్పరా!"

వాడు మళ్ళీ మంట వైపు తిరిగి కొమ్మతో కొట్టడం మొదలుపెట్టాడు. నాకు కోపం నషాళానికి అంటింది. పాక గుంజకి ఆనించి ఉన్న పార తీశాను. ఆ తర్వాతిది మొదట్లోనే చెప్పాను. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. విరిగిన చేతిని ఎడమచేత్తో ఒళ్ళోకి తీసుకున్నాడు, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. నా కాళ్ళ దగ్గర నుంచి నా మొహంలోకి చూసి, "సల్లారిందేటి?" అని అడిగాడు.

చల్లారలేదు. మూడో దెబ్బకి పార ఎత్తాను. అమ్మ కెవ్వున అరిచింది. అరుపే గానీ, మాట లేదు. ఆ అరుపుకి ఆగాను.

ఆసుపత్రిలో ఎలా విరిగిందని అడిగితే గట్టు మీంచి పడ్డానన్నాడట. మోచేతి పైదాకా సిమెంటు కట్టు వేశారు. నేను వెళ్ళలేదు. అమ్మ కొన్నాళ్ళు వాడింట్లో ఉండి వస్తానని వెళ్ళి, రెండు వారాలకి తిరిగి వచ్చింది. వచ్చాక నాతో అవసరమైనంతే మాట్లాడింది. కొడుకు చెయ్యి విరగ్గొట్టిన కూతురితో ఏ తల్లయినా అంతేలే అనుకున్నాను.

మెట్ట మీదంతా బూడిద, కింద మాడిన మొలకలు. అలుగుల పక్కన రాళ్ళు జారకుండా పాతిన కర్రలు కూడా కాలిపోయాయి. మళ్ళీ కప్పడానికి ఆకు కోసం స్కూటీ వేసుకుని తిరిగాను. ఎటు చూసినా నల్లటి చేలే, ఎవరూ ఉంచలేదు. కొండ మీది తుప్పలు నరికి, రాలిన తాటాకులు ఈడ్చుకొచ్చి, దొరికిన దాంతో గోతులు కప్పాను. విత్తనాలు మళ్ళీ చల్లాను. సెలవులన్నీ ఎండలో ఒక్కదాన్నే చేశాను. చేస్తున్నంతసేపూ వాణ్ణి తిట్టుకున్నాను. తిట్టుకోకపోతే గునపం లేచేది కాదు. ఒక్కోసారి ఆ ఎముక చప్పుడు చెవిలో పడేది. అప్పుడు ఇంకా గట్టిగా తిట్టేదాన్ని.

జూన్ మొదటి వారంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని పాకలో కూర్చున్నాం నేనూ అమ్మా. కొండ నల్లబడింది. గాలి వచ్చి పాక మీది రేకుని పీకి చెరకులోకి విసిరేసింది. ఆ వెనకే వాన. మొహం మీద గులకరాళ్ళతో కొట్టినట్టు పడింది. నేను పార పట్టుకుని బయటికి పరిగెత్తాను. కొండ మీంచి నీరు రొద పెడుతూ దిగుతోంది. పై కందకం నిండింది, అలుగు మీంచి పొర్లింది. రెండోది నిండింది. నెలవంక గోతులు ఒక్కొక్కటే గుటకలు మింగుతుంటే నాకు పిచ్చి సంతోషం పుట్టింది. తాగండే, తాగండి అని అరిచాను.

మూడో కందకం దగ్గర, కర్రలు కాలిపోయిన చోట, రాళ్ళు కదిలాయి. ముందు ఒక పిడికెడు సందు పడింది. నేను చేరేలోపు మనిషి పట్టేంత గండి అయింది. రాళ్ళు వేస్తే రాళ్ళు కొట్టుకుపోతున్నాయి. కాలు పెడితే కాలు లాగేస్తోంది. నీరు ఎర్రగా సుడి తిరిగి, నా కళ్ళ ముందే, కింద చెరకు వైపు పరుగు పెట్టింది. అయిపోయింది అనుకున్నాను. సంతకం కోసం కలం కూడా వాడే తెస్తాడు అనుకున్నాను.

అప్పుడే కింద చెరకులోంచి తమ్ముడు పైకి వస్తున్నాడు. సిమెంటు కట్టుకి యూరియా సంచి చుట్టుకున్నాడు. ఎర్రనీళ్ళు చూడ్డానికే వస్తున్నాడని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"దగ్గరికి రాకు! రెండో సెయ్యి కూడా ఇరగ్గొట్టీగల్ను!"

వాడు విన్నట్టే లేదు. నేరుగా వచ్చి, గండిలోకి దిగి, నీటికి వీపు పెట్టి కూర్చున్నాడు. రెండు కాళ్ళూ అటూ ఇటూ రాళ్ళకి తన్నిపెట్టాడు. కట్టు కట్టిన చెయ్యి తల మీద పెట్టుకున్నాడు. నీరు వాడి భుజాల దాకా లేచింది.

"నిలబడి సూత్తావేటి? రాళ్ళు నా ఈపు ఎనకాల ఎయ్యి!"

వేశాను. కళ్ళలో నీళ్ళు, వాన నీళ్ళో నా నీళ్ళో తెలియకుండా, రాళ్ళు ఎత్తి వేశాను. కొన్ని వాడి వీపుకి తగిలాయి. వాడు మూలిగాడు, లేవలేదు. పెద్దరాళ్ళ మధ్య చిన్నరాళ్ళు, వాటి మీద తాటాకులు, వాటి మీద మట్టి. ఎంతసేపో తెలీదు. చివరికి నీరు ఆగింది, పక్కకి తిరిగి అలుగు ఎక్కింది. వాడిని చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. వీపంతా గీరుకుపోయి ఉంది.

వాన తగ్గుముఖం పట్టింది. పార తీసుకుని ఇద్దరం కిందికి దిగి చెరకు గట్టు మీద నిలబడ్డాం. ముందు దిగిన ఎర్రనీరు నాలుగు సాళ్ళలో నిలిచి ఉంది. దాని వెనక వస్తున్నది పలచగా ఉంది. వాడు వంగి ఎడమ పుడిసిట్లో పట్టి చూశాడు.

"టీ రంగుంది. ఎర్రగా నేదు" అన్నాడు.

"నాలుగు సాళ్ళు ఎర్రగానే ఉన్నాయి కదరా. కళ్ళు కనపడలేదేటి?"

"సేను నాది. నాను నేదన్నాను. సంతకమూ వొద్దు, ఏటీ వొద్దు."

నాకేమీ అర్థం కాలేదు. కాల్చినవాడు గండిలో ఎందుకు కూర్చుంటాడు? అదే అడిగాను. వాడు పుడిసిలి వంచేసి, తడి చేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

"నాను తగలెట్టనేదు అప్పా."

"మరెవరు?"

వాడు పాక వైపు చూశాడు. అమ్మ వానలో తడుస్తూ మా వైపే వస్తోంది, గట్టు మీద జారుతూ, నిలదొక్కుకుంటూ. మాకు నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయింది.

"నానేనే" అంది. "ఆకలాగ పడుంటే... దార్ని పోయినోళ్ళందరూ మగదిక్కు నేని సేనంటంటే... పై మడి ఒక్కటీ కాల్సి సుబ్రం సేద్దారని అగ్గెట్టేను. గాలొచ్చీసింది. నా సేత కానేదు. ఈడు పరిగెత్తుకొచ్చి ఆర్పుతన్నాడు. అంతలోకి నువ్వొచ్చీసేవు."

నా చేతిలోంచి పార జారిపోయింది. వాడు ఆర్పుతున్నాడు. నేను వాడి చెయ్యి విరగ్గొట్టాను. ఆవిడ చూస్తూ నిలబడింది.

"నోటిలో మాట నేదేటే నీకు? ఆడి సెయ్యి ఇరుగుతంటే కూడా సెప్పలేవా?" అని అరిచాను. అమ్మ నేల చూసింది. నేను తమ్ముడి వైపు తిరిగాను. "నువ్వు? నువ్వెందుకు సెప్పలేదురా?"

"సెప్తే ఏటవును?" అన్నాడు వాడు. గొంతులో కోపం లేదు. అలిసిపోయినట్టు అన్నాడు. "నువ్వప్పుడెలాగున్నావో నీకు తెల్దు. ఆ పారకామ అమ్మ మీద పడును. నాకు సెయ్యిరిగింది, అతుక్కుంటాది. అమ్మ ఎముక అతుక్కునే వయసా?"

నేను కాదని అనబోయాను. అమ్మని కొడతానా నేను, అన్నేళ్ళు నాన్న దెబ్బలు తిన్న మనిషిని, నా దగ్గర పెట్టుకుని చూసుకుంటున్న మనిషిని, అనబోయాను. ఆ మంటల ముందు పార ఎత్తినప్పుడు ఎదురుగా ఎవరున్నారన్నది నాకు గుర్తులేదు. మూడో దెబ్బకి ఎత్తింది మాత్రం గుర్తుంది. సిగ్గుతో నా ఒళ్ళు కాలిపోయింది. అంత వానలోనూ కాలిపోయింది.

అమ్మ వణుకుతోంది. కొంగు జారి భుజం మీద పడింది, తెల్లజుట్టు నుదుటికి అంటుకుని కళ్ళలోకి నీరు కారుతోంది. ఆ కొంగు తల మీదికి సర్దుదామని ముందుకి ఒక అడుగు వేసి చెయ్యి ఎత్తాను.

అమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకుని గట్టు మీద ముడుచుకుని కూర్చుండిపోయింది. తమ్ముడు తన కట్టు కట్టిన చేతిని మా ఇద్దరి మధ్య అడ్డం పెట్టాడు.

"కొంగు సర్దుదామనిరా" అన్నాను. "కొంగు సర్దుదామనే ఎత్తేను."

సరేలే అన్నాడు వాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.